దారిన పోయే స్త్రీ

సబా అల్ సలేం, కువైట్,
శుక్రవారం, 14–11–2025.

మహారాజశ్రీ సూపరింటెండింగ్ ఇంజనీరు (రిటైర్డు) నాగేంద్రప్రసాద్ సారు గారి దివ్య సముఖమునకు, ఎద్దులబోడు కనుమ రోడ్డు గ్యాంగులో ఒకప్పుడు తట్ట మోసిన వెంకటేశ్వరి వంగి దండాలు పెట్టి రాసుకునే మనవి. ఇక్కడ నేను క్షేమం. తమరు క్షేమమని ఫింటాస్ హాల్లో స్టేజీ మీద చూసినాను. కాస్త ఒళ్ళు కూడా చేసినారు. సంతోషం.

పైన రాసింది ఆఫీసు అర్జీ పద్ధతి. మీకు అలవాటని రాసినాను. ఇక్కడి నుంచి నా పద్ధతి.

నన్ను మీరు గుర్తుపట్టలేదు. పోయిన శుక్రవారం ఆ హాల్లో మీ పుస్తకం విడుదల అయినాక భోజనాలు పెట్టినారు కదా, మీ ప్లేటులో గుత్తొంకాయ వేసింది నేనే. చాలమ్మా అన్నారు. నేను ఇంకొకటి వేసినాను. చాలన్నాను కదా అన్నారు. మూడోది వేసినాను. అప్పుడు కూడా తలెత్తి మొహం చూడలేదు, ప్లేటు పక్కకు జరుపుకున్నారు. మీకు వంకాయ పడదని నాకు తెలుసు. కనుమ దగ్గర క్యాంపులో తెలుసుకున్న సంగతి అది. మీరు నన్ను మర్చిపోయినా, మీ కడుపు సంగతి నేను మర్చిపోలేదు.

నేను సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో వంటకు ఉన్నాను. శుక్రవారం మా మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, బయటికి పోనిస్తుంది. వంటల బండి నడిపే ఈశ్వరయ్య మా పక్క ఊరోడు. అక్కా, ఫింటాస్‌లో తెలుగోళ్ళ మీటింగు ఉంది, వడ్డించడానికి మనుషులు కావాలి, వస్తావా అన్నాడు. ఎవరిది మీటింగు అన్నా. మన పక్క పనిచేసిన ఇంజనీరంట, కూతురి దగ్గరికి వచ్చినాడంట, రోడ్ల డిపార్ట్‌మెంటు చరిత్ర రాసినాడంట అని మీ పేరు చెప్పినాడు. యల్లా, పదా అన్నాను.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటారు. ఫోన్‌లో అయితే సగంలోనే సరేలేమ్మా, సరేలేమ్మా అని పెట్టేస్తారు. వాట్సాప్‌లో గొంతు పంపితే వినరు. కాగితం మీద రాసిచ్చినామనుకోండి, డిపార్ట్‌మెంటు మనిషి చదవకుండా ఉండలేడు. చదివి పక్కన పెడతాడు, అది వేరే సంగతి. అందుకే రాసి ఈశ్వరయ్య చేతికి ఇస్తున్నాను. రేపు మిమ్మల్ని ఎయిర్‌పోర్టులో దించేది అతనే. మీరు లోపలికి పోయేటప్పుడు ఇవ్వు, అంతకుముందు ఇచ్చినావంటే నీ బండి టైర్లు ఉండవు అని చెప్పినాను. విమానంలో మీకు లేచి పోయే వీలుండదు. నాది ఏడో తరగతి చదువు. తప్పులుంటే ఎర్ర ఇంకుతో దిద్దుకోండి. దిద్దడం మీకు బాగా వచ్చు.

మొదట చెట్ల సంగతి.

ఆ మీటింగు రోజు పొద్దున మీరు వాకింగుకని దిగేసరికి, మీ కూతురుండే బిల్డింగు ముందర ఖర్జూరపు చెట్లకు నడుము దాకా తెల్ల సున్నం, దాని పైన ఎర్రమన్ను పట్టీ, పట్టీ కింద తెలుపులో ఒక ఎర్ర బొట్టు కనపడినాయి కదా. ఎవరు చేసినారు, ఎవరు చేసినారు అని మీరు రోజంతా అడిగినారంట. తెలుగు సంఘంవాళ్ళు, మీ గౌరవార్థం మేమే చేయించినాం సార్ అని చెప్పుకున్నారంట. వాళ్ళకు సున్నంలో ఎంత నీళ్ళు పోయాలో తెలుసా? చేసింది నేను.

ఆ బిల్డింగు కాపలాకు ఒక ఈజిప్టోడు ఉన్నాడు, కాపలావాణ్ణి ఇక్కడ హారిస్ అంటారు. హాదా ఏష్, హాదా ఏష్, ఇదేంది ఇదేంది అని చేతులు తిప్పుకుంటూ వచ్చినాడు. దవా, చీమల మందు అని చెప్పినా. మంచిది మంచిది అని తలూపి, వెనకపక్క చెట్లు మిగిలిపోయినాయి, వాటికీ వెయ్యమని దగ్గరుండి వేయించుకున్నాడు. పని చేయించుకోవడంలో మన కాంట్రాక్టర్లకు ఏమీ తీసిపోడు.

అది కోపంతో చేసింది కాదు. అప్పటికి మీ పుస్తకం నేను చూడలేదు. పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే చెట్లకు సున్నం కొట్టడం మన డిపార్ట్‌మెంటులో ఆచారం కదా. గుంతలు పూడ్చం, చెట్లకు మాత్రం చీర కడతాం. జీపులో కూర్చున్న ఆఫీసరు కంటికి చెట్లే ఆనుతాయి, గుంతలు డ్రైవరు చూసుకుంటాడు. మా సారు ఇంత దూరం వచ్చినాడు, ఆ మర్యాద లోపం ఎందుకు అనుకున్నాం. నవ్వుకుంటారు అనుకున్నాం.

మీరు నవ్వలేదంట. చెట్టు ముందర ఆగి, బొట్టు వైపు చూసి, రెండు చేతులూ జోడించి దండం పెట్టినారంట. హారిస్ చెప్పినాడు. మీ హిందీ బాబా, అంటే ఇండియా పెద్దాయన, చెట్లతో మాట్లాడతాడా అని అడిగినాడు. నేను నవ్విన నవ్వుకు చుట్టుపక్కల కిటికీలు తెరుచుకున్నాయి. ఇన్నేళ్ళయినా మీకు ఆ అలవాటు పోలేదా సారూ.

ఆ అలవాటు ఎట్లా పట్టుకుందో ఇప్పుడు చెప్తా.

మీరు కనుమకు వచ్చినప్పుడు కాలేజీ వాసన ఇంకా పోలేదు. మీసం కూడా సరిగా రాలేదు. తోలు సంచీ, నల్ల కళ్ళద్దాలు, జీపు. చెట్ల మీద బొట్లు చూసి ఇదేందమ్మా అని నన్ను అడిగినారు. నాకు నోరు ఊరుకోదు. ఈ కనుమలో గంగమ్మ తిరుగుతుంది సార్, బొట్టు ఉన్న చెట్టు ఆమె కూర్చునే చెట్టు, దండం పెట్టకుండా దాటితే జీపు టైరు పగులుతుంది అని చెప్పినా. మీరు నవ్వి ఎక్కినారు. మర్నాడు మీ టైరు పగిలింది. దాంట్లో నా చెయ్యి లేదు, మీరు నమ్మినా నమ్మకపోయినా. అప్పటి నుంచి బొట్టు ఉన్న ప్రతి చెట్టుకూ జీపులోంచి దండం పెట్టుకుంటూ పోయేవాళ్ళు. మేమందరం తట్టలు మొహాలకు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. అందరికంటే గట్టిగా నవ్వేది పోలేరమ్మ. బొట్లు పెట్టే చెట్లన్నీ ఆమె వంతువి. సరదాకు పెట్టే బొట్లు అవి. గంగమ్మ లేదు, ఏమీ లేదు.

ఇక మీ ఉపన్యాసం. స్టేజీ మీద మీరు ఆ చెట్ల సంగతే ఎత్తుకున్నారు. మా శాఖ సంప్రదాయం సముద్రం దాటి వచ్చిందన్నారు. కనుమలో గ్యాంగు ఆమె ఎవరో ఉండేది, ప్రతి చెట్టుకూ ఇట్లాగే బొట్టు పెట్టేది, పాపం, పేరు గుర్తుకు రావడం లేదు అన్నారు. జనం చప్పట్లు కొట్టినారు. నా చేతిలో సాంబారు బకెట్టు ఉంది. దాన్ని కింద పెట్టేసినా, ఎందుకైనా మంచిదని.

పేరు గుర్తుకు రావడం లేదా సారూ. వినండి. పోలేరమ్మ. మళ్ళీ రాస్తా. పోలేరమ్మ.

సరే, ముసలితనం, మరుపు అనుకున్నా. మనసుకు సర్దిచెప్పుకున్నా. బల్లలు తుడుస్తూ తుడుస్తూ మీ పుస్తకం ఒకటి చంకలో పెట్టుకుని చేతులు కడుక్కునే చోటికి పోయి తెరిచినాను. అట్ట మీద రోడ్డు రోలరు బొమ్మ ఉంది. లోపల తెల్లదొరలు, వాళ్ళ గుర్రాలు, వాళ్ళు కట్టించుకున్న బంగళాలు, ఏ బంగళాలో ఏ దొర ఏ పులిని కొట్టి తోలు ఆరబెట్టుకున్నాడో అంతా ఉంది. ఆ తర్వాత మంత్రులు, చీఫ్ ఇంజనీర్లు, శంకుస్థాపనలు. మన కనుమకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం. దాంట్లో మీరు ఇట్లా రాసినారు: ‘ఈ ప్రాంత ప్రజలు అనాదిగా మార్గపార్శ్వ వృక్షాలను గంగమ్మ స్వరూపాలుగా భావించి కుంకుమ దిద్ది పూజించేవారు. శాఖ సిబ్బంది సైతం ఆ విశ్వాసాన్ని గౌరవించేవారు.’

అనాది అంటే ఎప్పుడో నాకు బాగా తెలుసు సారూ. మీరు డ్యూటీలో చేరిన రెండో రోజు, మధ్యాహ్నం మేము సంగటి తిన్నాక.

అది చదివి నవ్వొచ్చింది. నేను ఆడిన అబద్ధం అచ్చైపోయింది, రేపు పిల్లలు చదువుకుని పరీక్ష కూడా రాస్తారు అనుకున్నా. పేజీ తిప్పినా. ఫొటో కనపడింది. కనుమ రోడ్డు పని జరుగుతున్నప్పుడు తీసింది. ముందు వరుసలో కుర్చీల మీద కూర్చున్నవాళ్ళ పేర్లు ఎడమ నుంచి కుడికి వరసగా వేసినారు. కాంట్రాక్టరు బామ్మర్ది పేరు కూడా ఉంది. వాడు ఆ రోజు కోడిని తెచ్చినాడు, అంతే. వెనక నిలబడిన మా వరుస కింద ‘స్థానికులు’ అని ఉంది.

స్థానికులంటే ఎవరు సారూ? గొర్రెలు తోలుకుంటూ పోతా, ఫొటో తీస్తున్నారని వచ్చి నిలబడినవాళ్ళా? నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది పోలేరమ్మ. ఆమె పక్కన ఎండకు కళ్ళు చికిలించి కోతిమొహం పెట్టింది నేను. మా తల మీద తట్టల గుడ్డచుట్టలు ఇంకా ఉన్నాయి. తట్టల మీద డిపార్ట్‌మెంటు అక్షరాలు ఉన్నాయి. భూతద్దం పెట్టి చూసుకోండి. తట్టలు డిపార్ట్‌మెంటువి, మోసినోళ్ళు స్థానికులు.

దాన్ని కూడా మింగేదాన్నే. ఫొటో కింద వాక్యం మింగుడు పడలేదు. ‘ఇంతటి క్లిష్టమైన కనుమ మార్గం ఒక్క ప్రాణనష్టం కూడా లేకుండా పూర్తికావడం మన శాఖ చరిత్రలో సువర్ణాధ్యాయం.’

ఒక్క ప్రాణం కూడా పోలేదా సారూ?

ఆ రోజు ఏం జరిగిందో మీకు తెలుసు. అయినా రాస్తా. ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాల కదా. మీరు రాయలేదు కాబట్టి నేను రాస్తా.

మర్నాడు పెద్ద ఆఫీసరు కనుమ చూడ్డానికి వస్తున్నాడని మీకు కబురు వచ్చింది. సాయంత్రానికి చెట్లన్నిటికీ సున్నం పడాలన్నారు మీరు. పైమలుపులో కాంట్రాక్టరు మనుషులు బండకు తూటాలు పెడుతున్నారు. తూటా పేల్చేముందు కింద ఎర్రజెండా పట్టుకుని మనుషులను ఆపడానికి ఒకడుండాల కదా. ఆ జెండా మనిషిని, సున్నం కలిపేవాళ్ళు తక్కువైనారు రారా అని మీరే కిందికి పిలిచినారు. జెండా రాళ్ళ మీద పెట్టి వచ్చినాడు వాడు. తూటాలవాళ్ళకేమో పెద్దాయన వచ్చేలోపు బండ కనపడకూడదని తొందర. విజిల్ ఊదినారో లేదో మాకు వినపడలేదు. మలుపులో చివరి చెట్టు దగ్గర పోలేరమ్మ గొంతుక్కూర్చుని పట్టీ వేస్తా ఉంది. రాయి వచ్చింది. చెట్టుకు ఏమీ కాలేదు.

మీరు పరిగెత్తుకుంటూ వచ్చినారు. ఏడ్చినారు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నారు. నేను చూసినాను, లేదని అనను. ఏడ్చి, మొహం కడుక్కుని, కాగితాలు తెప్పించుకుని సంతకం పెట్టినారు. ఏమని రాసినారో ఆ సాయంత్రమే అందరికీ తెలిసింది. ‘దారిన పోయే స్త్రీ, సిబ్బంది హెచ్చరించినా వినక ముందుకు పోయి మరణించినది.’ గ్యాంగు కూలీ పోలేరమ్మ ఆ రోజు పనికే రాలేదని హాజరు పుస్తకంలో వేసుకున్నారు.

దారిన పోయే మనిషి మోచేతుల దాకా సున్నం పూసుకుని పోతుందా సారూ? ఎర్రమన్ను డబ్బా పక్కన పెట్టుకుని, డిపార్ట్‌మెంటు కుంచె చేతిలో పట్టుకుని పోతుందా?

ఈ మాట నేను ఆ రోజే అడిగినాను, గట్టిగా అడిగినాను, కాంట్రాక్టరు ముందరే అడిగినాను. మర్నాడు నాకు పని లేదన్నారు. ఆ తర్వాత ఏ గ్యాంగులోనూ లేదన్నారు. ఎక్కడెక్కడో తిరిగి తిరిగి, ఒక ఏజెంటును పట్టుకుని ఈ దేశం వచ్చి పడినాను. నా బతుకు గురించి ఏడవడానికి కాదు ఈ ఉత్తరం. ఇక్కడ ఉండడానికి ఇఖామా కార్డు ఉంది, వీసా ఇచ్చిన కఫీల్ మంచోడు, మామా కోపిష్టిదే గాని కడుపుకు పెడుతుంది. నేను ఆమె పిల్లల చెప్పులు జత మార్చి పెడుతుంటాను, ఆమె నన్ను తిడుతుంటుంది. కాలం గడిచిపోతుంది.

మర్నాడు ఆ పెద్దాయన వచ్చినాడు. జీపు ఆపలేదు. చెట్లు బాగున్నాయే అన్నాడంట.

మీ పుస్తకం ఈశ్వరయ్య బండిలో పడుంటే మహబూలాలో ఉండే లింబాద్రి కూడా తిరగేసినాడు. నిజామాబాదోడు, ఇక్కడి రోడ్ల మీద తారు పని చేస్తాడు. గీ బుక్కుల రోలరు ఏ కంపెనీదో రాసిన్రు గని దాన్ని తోలినోడు ఎవడో రాయలే గదా అక్కా అన్నాడు. రాయరు తమ్మీ, రోలరు తప్పిపోతే ఆఫీసరు మెడకు చుట్టుకుంటుంది, మనిషి తప్పిపోతే చుట్టుకోదు కదా అన్నా.

మీకు చరిత్ర రాయాలని ఉంటే నన్ను అడగాల్సింది. వంటింట్లో కూర్చునే చెప్పేదాన్ని. మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చినాయని మీరు ఒక పేజీ రాసినారు. ఆ పాత మైలురాళ్ళు పెకిలించి కొత్తరాళ్ళు పాతింది మా అత్త వాళ్ళ గ్యాంగు. పెకిలించిన రాయి ఒకటి ఇంటికి తెచ్చుకుని దాని మీద బట్టలు ఉతికేది. రాయచోటి ఎంత దూరమో మా ఇంటిల్లిపాది చొక్కాలకూ తెలుసు. నీళ్ళ డిపార్ట్‌మెంటు, రోళ్ళ డిపార్ట్‌మెంటు ఒకటిగా ఉండి విడిపోయినాయని ఇంకో పేజీ. అన్నదమ్ములు వేరుపడినట్టు చెరువులు వాళ్ళకు, బంగళాలు వీళ్ళకు అని రాసుకున్నారు. గ్యాంగు ఆడవాళ్ళు ఎవరి వాటాకూ రాలేదు. రోడ్డు పక్క చింతచెట్లకు నంబర్లు వేసి కాయ వేలం వేసేవాళ్ళు. చెట్టుకు నంబరు ఉంది, కొమ్మ విరిగితే రిపోర్టు ఉంది. ఆ చెట్టుకు సున్నం కొడుతూ చచ్చిపోయిన మనిషికి పేరు లేదు. గ్యాంగులు తీసేసి మిషన్లు తెచ్చినప్పుడు శాఖ ఆధునికమైంది అని రాసినారు. ఎంతమంది ఇంటికి పోయినారో రాయలేదు. రోళ్ళు అని తప్పు రాసినాను పైన, రోడ్లు అని దిద్దుకోండి.

ఇంతకూ నాకు ఏం కావాలో రాస్తా. ఊరికి పోయినాక ఈ పుస్తకం మళ్ళీ పెద్దగా అచ్చు వేయించి, అన్ని ఆఫీసులకూ, కాలేజీలకూ పంచుతామని స్టేజీ మీద చెప్పినారు. ఆ అచ్చులో ఆ సువర్ణాధ్యాయం వాక్యం ఉండకూడదు. దాని జాగాలో, పోలేరమ్మ అనే గ్యాంగు కూలీ ఈ కనుమ పనిలో, చెట్లకు సున్నం కొడుతుండగా తూటా రాయి తగిలి చనిపోయింది అని ఉండాలి. ఫొటో కింద ఆమె పేరు ఉండాలి. నా పేరు లేకపోయినా పర్వాలేదు, నా మొహం ఆ ఫొటోలో ఎట్లాగూ బాగా పడలేదు. గంగమ్మ కథ మాత్రం తియ్యకండి. పోలేరమ్మ నవ్విన నవ్వుకు గుర్తుగా ఉండనీయండి.

దీంతో మీకు వచ్చే నష్టం ఏముంది? రిటైరైనారు. ఎవరూ మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేయలేరు. ఆమెకు ఒక కూతురు ఉండేది, గుర్తుందా. పనిలో తల్లి వెనకాలే తిరిగేది. తల్లి పనిమీద కాదు, చెప్పిన మాట వినక, పొగరుతో పోయి చచ్చిందని ఊరంతా అనుకుంటుంటే, ఆ మాట వింటూ పెరిగింది. మీ ఒక్క సంతకం వల్ల. ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఏమైందని మీరు ఎవరినైనా అడిగినారా?

మీరు మాట తప్పుతారేమోనని ఒక చిన్న పని చేసినాను. ఇక్కడి తెలుగు సంఘాలకు పంచమని మీరు ఈశ్వరయ్య బండిలో పెట్టించిన పుస్తకాలు ఉన్నాయి కదా. ఈ రోజు పొద్దున వాటన్నిటినీ మహబూలాలో ఒక ఫ్లాటుకు తెప్పించుకుని, మూలమీద బకాలా కొట్టులో వైట్‌నర్ సీసాలు కొని, ఆ సువర్ణాధ్యాయం వాక్యం మీద తెల్లగా సున్నం కొట్టినాను. ఆరినాక దాని నడిమధ్యలో ఎర్ర బొట్టు పెట్టినాను. మా మామా కూతురు పారేసిన గోళ్ళరంగు దానికి పనికొచ్చింది. ఇప్పుడు కువైట్‌లో మీ చరిత్ర తెరిచిన ప్రతివాడూ, ఇక్కడ తెల్లగా ఉందే, బొట్టు ఉందే, కింద ఏముంది సార్ అని మీకు ఫోను చేస్తాడు. ఏమి చెప్తారో మీ ఇష్టం. మీ సూట్‌కేసులో ఉన్న పుస్తకాలకు కూడా కొట్టేసినాం. ఎట్లా అని అడగొద్దు. నమ్మకపోతే మీ చేతిసంచిలో ఉన్నది ఇప్పుడే తీసి చూసుకోండి. దండం పెట్టకుండా పేజీ తిప్పితే మాత్రం టైరు సంగతి నాకు తెలియదు. విమానానికి కూడా టైర్లు ఉంటాయి కదా.

ఊరు చేరినాక సంగటి తినండి, వంకాయ తినొద్దు. ఆరోగ్యం జాగ్రత్త. చేయాల్సిన పని ఉంది మీకు.

ఇట్లు,
మీ పుస్తకం ఫొటోలో వెనక వరుస, కుడిపక్క చివర నిలబడిన స్థానికురాలు,
వెంకటేశ్వరి,
గ్యాంగు కూలీ.

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టినాక ఒక మనిషి దాన్ని తీసి చదివింది. అన్నీ నిజాలు రాసి ఒక్కటి ఎందుకు అబద్ధం రాసినావు చిన్నమ్మా అని అడిగింది. నీ పని పోతుందే అన్నా. ఈ ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు, రాయి అనింది. రాస్తున్నా.

ఖర్జూరపు చెట్లకు సున్నం కొట్టింది నేను కాదు. ఆ రోజు పొద్దున నేను ఇక్కడ మామా వంటింట్లో రొట్టెలు కాలుస్తున్నా. కొట్టింది అరుణజ్యోతి. మీ కూతురి ఇంట్లో పనికి వచ్చే అరుణజ్యోతి. మీరు వచ్చినప్పటి నుంచి మీకు సంగటి కెలికి పెట్టింది, మీ కాళ్ళకు నూనె వేడి చేసి ఇచ్చింది, మీ సూట్‌కేసు సర్దింది ఆ పిల్లే. ఏ ఊరమ్మా మీది అని ఒకసారి అడిగినారంట. రాయచోటి పక్కన సార్ అనిందంట. అట్లనా, ఆ పక్కంతా నాకు బాగా తెలుసు అని మీరు టీవీ వైపు తిరిగినారంట.

ఆమె పోలేరమ్మ కూతురు.

చెట్ల మీద బొట్లు పోలేరమ్మ పెట్టినవి కూడా కాదు సారూ. తల్లి సున్నం కొట్టి, పట్టీ వేసి, ఈ పిల్లను చంకకు ఎత్తుకునేది. పిల్ల ఎర్రమన్నులో వేలు ముంచి బొట్టు పెట్టేది. ఖర్జూరపు చెట్టుకు పెట్టింది కూడా ఆ వేలే. ఆయనకు గుర్తుందో లేదో చూద్దాం చిన్నమ్మా అని పెట్టింది. మీ కూతురికి ఇదేమీ తెలియదు, ఆమెను ఏమీ అనొద్దు, మంచి పిల్ల.

మీరు చెట్టుకు దండం పెట్టినప్పుడు హారిస్ ఒక్కడే చూడలేదు. అరుణజ్యోతి మీ వెనకాలే నిలబడి ఉంది, మీకు టీ తెచ్చి. మీరు దండం పెట్టి, కళ్ళు తుడుచుకుని, టీ తాగి, చెట్టు వైపే చూస్తూ చెయ్యి వెనక్కి చాచి ఖాళీ గ్లాసు ఆమె చేతికి ఇచ్చినారు. ఆ వేలికి ఎర్రమన్ను ఇంకా ఆరలేదు.